నెత్తురు లెక్క, ఇనుము లెక్క

మన స్త్రీవాద విమర్శ చాలా రకాల రాతల్ని చదివింది. కావ్యాల్ని, నవలల్ని, పాఠ్యపుస్తకాల్ని, సినిమా పాటల్ని, పెళ్ళి ప్రకటనల్ని, కోర్టు తీర్పుల్ని చదివింది. ప్రతిదాంట్లో స్త్రీని ఎక్కడ నిలబెట్టారో, ఏ మాట వెనక ఏ అధికారం దాక్కుందో విప్పి చూపించింది. అయితే మనలో ప్రతి ఒక్కరి ఇంట్లో బీరువా మీదో, పాలిథిన్ కవర్లోనో పడి ఉండే ఒక రాతని మాత్రం మనం విమర్శకుల కళ్ళతో చూడలేదు. అది రక్తపరీక్ష రిపోర్టు.

ఆ కాగితం మీద పేరు, వయసు తర్వాత వచ్చే గడి ఆడా, మగా అన్నది. కింద హిమోగ్లోబిన్ అంకె. దాని పక్కన 'ఉండవలసిన' అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో గీసిన గీత ప్రకారం మగవాడికి డెసిలీటరుకి 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. గర్భవతి కాని స్త్రీకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత. 2024లో ఆ సంస్థ మార్గదర్శకాల్ని సవరించినప్పుడు కూడా ఈ రెండు అంకెలూ అలాగే ఉన్నాయి. అంటే 12.5 ఉన్న మనిషి మగవాడైతే రోగి, ఆడదైతే ఆరోగ్యవంతురాలు. అదే నెత్తురు, అదే అంకె. పైన ఉన్న గడిని బట్టి అర్థం మారిపోతుంది. ఇంతకంటే జెండర్ నిండిన పాఠం ఏముంటుంది?

ఈ తేడా అంతా ఎవరో కూర్చుని కల్పించారని నేను అనడం లేదు. టెస్టోస్టిరాన్ అనే హార్మోను ఎముకమజ్జని తొందరపెట్టి ఎర్రకణాల్ని ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఇనుము పేగుల్లోంచి రక్తంలోకి రాకుండా అడ్డుకునే హెప్సిడిన్ అనే పదార్థాన్ని తగ్గిస్తుంది. మగవాళ్ళ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. కానీ మామూలు రిపోర్టులో కనిపించని మరో అంకె ఉంది. దాని పేరు ఫెరిటిన్. ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతో చెప్పే అంకె అది. ప్రత్యేకంగా అడిగి, విడిగా డబ్బు కడితే తప్ప ఆ పరీక్ష చెయ్యరు. హిమోగ్లోబిన్ పొయ్యి మీద ఉడుకుతున్న అన్నమైతే, ఫెరిటిన్ గాదెలో మిగిలిన ధాన్యం. అన్నం ఉడుకుతున్నన్నాళ్ళూ గాదె ఖాళీ అయిన సంగతి ఇంట్లో మిగతావాళ్ళకి తెలియదు. అడుగు గీకే ఆడమనిషికి ఒక్కదానికే తెలుస్తుంది.

హిమోగ్లోబిన్‌కి హార్మోనుతో సంబంధం ఉంది. ఇనుముకి అంతకంటే ఎక్కువగా కంచంతోనూ చాకిరీతోనూ కాన్పులతోనూ సంబంధం ఉంది. టెస్టోస్టిరాన్ వాడే శరీరంలో ఈ రెండూ విడిపోయి స్పష్టంగా కనబడతాయి. మన వైద్యమూ మన సాహిత్యమూ ఈ రెండింటినీ కలిపేసి 'నెత్తురు' అని ఒక్క మాటతో సరిపెట్టాయి. అలా కలిపెయ్యడం వల్ల ఒక మనిషి ఎంత నలిగిపోవచ్చో దగ్గర నుంచి చూశాక ఈ వ్యాసం రాస్తున్నాను.

విజయనగరంలో నా దగ్గర తెలుగు చదువుకున్న ఒక విద్యార్థి ఉన్నాడు. వాళ్ళది పలాస దగ్గర ఒక పల్లె. తల్లి జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు ఒలుస్తుంది. అతను పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు. తను ఆడపిల్లని కానని అతనికి చిన్నప్పటి నుంచే తెలుసు. ఇరవై నాలుగో ఏట, విశాఖపట్నంలో డాక్టరు పర్యవేక్షణలో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. గొంతు మారింది. నెలసరి ఆగింది. ఆ రోజుల్లో అతని ఫోను వస్తే ఆ గొంతులో సంతోషం వినిపించేది. ఏడాది తిరిగేసరికి ఆ సంతోషం మీద ఒక నీరసం కమ్మింది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. రాత్రిళ్ళు కాళ్ళు నిలకడగా ఉండక నిద్ర పట్టకపోవడం. దువ్వెనకి కుచ్చులుగా జుట్టు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 13.1. ఆ రిపోర్టు ఫొటో తీసి నాకు పంపి ఇలా అడిగాడు: "మేడం, ఇందులో ఆడ అని రాసి ఉంది. దాని ప్రకారం నాకేం లేదు. మగ అని రాయించుకుంటే అంచు మీద ఉన్నాను. నేను ఏది చదవాలి?"

నేను సాహిత్యం మనిషిని, వైద్యం నాకు రాదు. అయినా అది పాఠాన్ని ఎలా చదవాలన్న ప్రశ్న కాబట్టి వదిలిపెట్టలేకపోయాను. డాక్టర్లయిన స్నేహితురాళ్ళని అడిగాను, చదివాను. టెస్టోస్టిరాన్ మొదలుపెట్టిన ట్రాన్స్ పురుషుల హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లోనే మగవాళ్ళ పరిధిలోకి చేరుతుంది. కాబట్టి అతని రిపోర్టుని మగవాళ్ళ అంకెలతోనే పోల్చాలి. గుర్తింపు కార్డులో ఆడ అని ఉంది గనక లాబ్‌లో కంప్యూటరు ఆడవాళ్ళ అంకెల్నే అచ్చేసింది. అలా ఆ 13.1 'బాగానే ఉంది' అయిపోయింది. చూసినవాళ్ళు నీరసాన్ని హార్మోను మీదకి, మనసు మీదకి, చివరికి అతని 'వేషం' మీదకి నెట్టేశారు. ఫెరిటిన్ చేయిస్తే 7 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో అది లీటరుకి 15 మైక్రోగ్రాముల కంటే తగ్గితే ఇనుము లోపంగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గాదె అడుగు కనబడుతోందన్నమాట.

ఇది ఎలా జరిగింది? లెక్క వేస్తే అర్థమవుతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. యాభై కిలోల మనిషి ఒంట్లో సుమారు మూడున్నర లీటర్ల రక్తం. హిమోగ్లోబిన్ పదిన్నర నుంచి పదిహేనుకి ఎక్కాలంటే ఆ ఒంటికి అదనంగా 500 మిల్లీగ్రాములకు పైగా ఇనుము కావాలి. మనం తినే తిండిలోంచి శరీరం రోజుకి పీల్చుకోగలిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. టెస్టోస్టిరాన్ 'ఎర్రకణాలు తయారుచెయ్యి' అని ఆజ్ఞ ఇస్తుంది, పేగుల తలుపు కొంచెం వారగా తెరుస్తుంది. కానీ ఇనుమును అది పుట్టించలేదు. అంతకుముందు పన్నెండేళ్ళు నెలనెలా పోయిన రక్తం, ఆడపిల్ల కంచంలో పడిన తిండి, ఈ రెండూ కలిసి నిల్వని ముందే తుడిచిపెట్టాయి. మిగిలిన కాస్తా కొత్త కణాలకి ఖర్చయిపోయింది. హిమోగ్లోబిన్ పెరుగుతూనే ఉంది, ఫెరిటిన్ పడిపోతూనే ఉంది. ఒక అంకె మెరుగవుతుండగా మనిషి కూలిపోవడం అంటే ఇదే.

దీనికి తోడు మరో సలహా అతన్ని దెబ్బతీసింది. టెస్టోస్టిరాన్ వాడితే నెత్తురు చిక్కబడుతుంది కాబట్టి ఐరన్ మాత్రలు మానెయ్యమని తోటివాళ్ళు చెప్పారు. కాలేజీ రోజుల నుంచి అప్పుడప్పుడూ వేసుకునే మాత్రలు అతను మానేశాడు. ఆ సలహాలో సగం నిజం ఉంది. రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే హెమటోక్రిట్ 54 శాతం దాటితే రక్తం గడ్డకట్టే ముప్పు పెరగవచ్చని, అప్పుడు మందు ఆపడమో తగ్గించడమో చెయ్యాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అందుకే మందుకి ముందు ఒకసారి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ పరీక్ష చెయ్యాలి. కానీ చిక్కబడటానికి కారణం దాచుకున్న ఇనుము కాదు. మోతాదు, ఇంజెక్షన్ల మధ్య ఎడం, పొగతాగడం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఒంట్లో నీరు తగ్గడం, ఇవీ ముందు చూడవలసినవి. రెండు మూడు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లతో మందు ఒక్కసారి ఎగసి తర్వాత పడిపోతుంది. ఒంటికి రాసుకునే జెల్‌తో పోలిస్తే వాటితో హెమటోక్రిట్ ఎక్కువ పెరుగుతుంది. ఇవేవీ చూడకుండా ఇనుమును ఎండగట్టడం పొయ్యి మంట తగ్గించడానికి గాదెకి నిప్పు పెట్టడం లాంటిది.

టెస్టోస్టిరాన్ తక్కువై చికిత్స తీసుకునే మగవాళ్ళకీ ఇదే ఉచ్చు ఉంది. హెమటోక్రిట్ పెరిగిందని మూడు నెలలకోసారి రక్తం తీయించుకుంటారు. మన దగ్గర వాడే 350 మిల్లీలీటర్ల సంచితో సుమారు 175 మిల్లీగ్రాముల ఇనుము బయటికి పోతుంది. మామూలు నెలసరిలో పోయే రక్తం ముప్పై నలభై మిల్లీలీటర్లు అనుకుంటే, ఆ ఒక్క సంచీ పది నెలల నెలసరితో సమానం. మగతనం కోసం సూది వేయించుకుని, ఆ సూది వల్ల పెరిగిన నెత్తురు తీయించుకుని, చివరికి ఏళ్ళ తరబడి నెలసరితో నీరసించిన ఆడదాని ఫెరిటిన్‌కి చేరుకుంటారు. ఇందులో వెక్కిరింపు ఏమీ లేదు. 'మగ శరీరం', 'ఆడ శరీరం' అని మనం విడదీసుకున్న వాటి మధ్య గోడ ఎంత పల్చనిదో ఆ అంకె చెబుతుంది.

ట్రాన్స్ పురుషుడి విషయంలో ఆ సంచికి మరో అర్థం వచ్చి చేరుతుంది. మన దేశంలో రక్తదాతల ఎంపికకు 2017లో జారీ చేసిన మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్ని రక్తదానం నుంచి శాశ్వతంగా పక్కన పెట్టాయి. దీన్ని మణిపూర్‌కి చెందిన సాంతా ఖురాయ్ 2021లో సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఒక వ్యక్తికి ఉన్న జబ్బునీ అలవాటునీ చూడకుండా ఒక సమూహాన్ని మొత్తంగా అనుమానించడం మనకు కొత్త కాదు. ముట్టు రక్తాన్ని అపవిత్రమన్న సమాజం ఇది. ఒకప్పుడు 'ముట్టు' పేరుతో బయట కూర్చోబెట్టిన శరీరం, ఆ ముట్టు ఆగాక మరో పేరుతో బయటే కూర్చుంది. వైద్యం కోసం అతని నుంచి తీసిన సంచీ ఎవరికీ ఎక్కించకుండా పారబోస్తారు. అంటుని గురించి ఇంత రాసిన మనం ఈ అంటుని చదవకుండా ఎలా ఉండగలం?

ఇది మా ప్రాంతానికి దూరపు సంగతి అనుకునేవాళ్ళు ఉద్దానం వైపు చూడాలి. కొబ్బరి, జీడి తోటల మధ్య వేల కుటుంబాలు మూత్రపిండాల జబ్బుతో ఏళ్ళుగా నలుగుతున్నాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ 200 పడకల ఆసుపత్రినీ ప్రారంభించింది 2023 డిసెంబరు 14న. రక్తం తయారుచెయ్యమని ఎముకమజ్జకి కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ పుట్టేది మూత్రపిండాల్లోనే. అవి చెడితే కబురు ఆగిపోతుంది, రక్తహీనత వస్తుంది. అందుకే డయాలిసిస్ రోగులకి ఆ పదార్థాన్ని ఇంజెక్షనుగా ఇస్తారు. ఇచ్చేముందు ఇనుము నిల్వ చూస్తారు, తక్కువైతే నరం ద్వారా ఇనుము ఎక్కిస్తారు. ఇనుము లేకుండా ఆజ్ఞ ఒక్కటీ పనిచెయ్యదని అక్కడ అందరికీ తెలుసు. ఎరిత్రోపోయిటిన్ మందు 1989లో అమెరికాలో అనుమతి పొందకముందు ఈ రక్తహీనతకి ఏమిచ్చేవారు? నాండ్రొలోన్ లాంటి పురుష హార్మోన్లు. ఆడ రోగులకి కూడా. వాటితో గొంతు బొంగురుపోయేది, ముఖం మీద వెంట్రుకలు వచ్చేవి. దాన్ని దుష్ప్రభావం అని పుస్తకాల్లో రాసుకున్నారు. అదే హార్మోను కుటుంబం, అదే నెత్తురు, అదే గొంతు. ఒకరికి దుష్ప్రభావమైంది మరొకరికి జీవితం. వైద్యం వాడే మాటలు ఎవరి కోరిక వైపు నిలబడి ఉన్నాయో ఇక్కడ తేటగా కనిపిస్తుంది.

ఇక మన సాహిత్యం దగ్గరికి వస్తాను. 1993లో వచ్చిన 'నీలి మేఘాలు' కవితా సంకలనం ఆడ శరీరాన్ని సిగ్గు చాటు నుంచి బయటికి తెచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' వంటి కవితలు వచ్చాక తెలుగులో నెత్తురు గురించి రాసే పద్ధతే మారిపోయింది. అదే ఏడాది ఓల్గా 'రాజకీయ కథలు' శరీరంలో ఒక్కొక్క భాగాన్ని రాజకీయంగా చదవడం నేర్పాయి. వాళ్ళు వేసిన బాట మీదే మనమందరం నడిచాం, నేనూ నడిచాను. ఆ తర్వాత వచ్చిన రాతల్లో మాత్రం నెత్తురు మెల్లమెల్లగా ఒక గుర్తుగా గట్టిపడింది. నెలసరి అంటే స్త్రీత్వం, కాన్పు నెత్తురు అంటే త్యాగం, హింసలో కారిన నెత్తురు అంటే తిరుగుబాటు. నెత్తురు ప్రతిచోటా ఆడదై కూర్చుంది. ఇన్ని కవితల్లో నెత్తురు కారింది గానీ, కారిన నెత్తురుతో ఎంత ఇనుము పోయింది, అది తిరిగి ఎక్కడి నుంచి రావాలి, ఎవరి కంచంలోంచి రావాలి అన్న లెక్క చాలా అరుదు. గుర్తుగా మారిన నెత్తురుకి ఫెరిటిన్ ఉండదు.

ఇందువల్ల రెండు నష్టాలు జరిగాయి. ఒకటి, నెలసరి ఆగాలని కోరుకునే మనిషికి ఆ కవిత్వంలో చోటు లేకుండా పోయింది. నా విద్యార్థి ఆ కవితల్ని నా తరగతిలోనే చదివాడు. వాటిలోని కోపం తనదేనని, వాటిలోని 'మనం' మాత్రం తనది కాదని ఒకసారి అన్నాడు. రెండో నష్టం మనకే జరిగింది. నెలసరిని గర్వంగా చెప్పుకోవడం నేర్చుకున్నాం గానీ, నెలనెలా పోయే పదిహేను ఇరవై మిల్లీగ్రాముల ఇనుమును తిరిగి రాబట్టుకునే హక్కుని ఒక నినాదంగా మార్చలేదు.

ఈ లెక్కకి మన భాషలో పునాది లేదని కాదు. హైదరాబాదులో స్త్రీల బృందం కలిసి తయారుచేసిన 'సవాలక్ష సందేహాలు' అనే ఆరోగ్య పుస్తకం సామాన్య స్త్రీ తన ఒంటిని తను అడిగి తెలుసుకోవచ్చని తెలుగులో ధైర్యం చెప్పింది. జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న లాంటి వైద్యురాలు అందులో భాగం కావడం వల్ల పోషణ అన్నది వంటింటి సలహాగా మిగలకుండా రాజకీయ ప్రశ్న అయింది. ఆ పుస్తకాన్ని సాహిత్య విమర్శ తన వారసత్వంగా లెక్కలోకి తీసుకోలేదని నా ఫిర్యాదు. కవిత్వాన్ని ఒక అరలో, ఆరోగ్య పుస్తకాన్ని మరో అరలో పెట్టుకున్నాం. శరీరం గురించి తెలుగులో వచ్చిన మంచి వచనం ఆ రెండో అరలోనూ ఉంది.

విజయనగరం చాసో ఊరు. ఆయన 'వాయులీనం' కథలో భార్య జబ్బు ఖర్చుల కోసం ఆమె వాయులీనాన్ని అమ్మేస్తారు. దాన్ని మనం కళ చచ్చిపోయిన కథగా చదువుతూ వచ్చాం. మధ్యతరగతి లేమి కథగా, దాంపత్యం కథగా కూడా చదివాం. దాన్ని ఒంటి లెక్క కథగా కూడా చదవాలంటాను. ఆడమనిషి ఒంటి ఖర్చు ఇంట్లో మొదటి పద్దు ఎప్పుడూ కాదు. అది అప్పుగా మిగిలిపోయి, చివరికి ఆమె దగ్గరున్న ఒకే ఒక్క సొంత వస్తువుతో తీరుతుంది. ఆమె వైద్యానికి ఆమే చెల్లించింది. ఈ కోణంలో చూస్తే ఆ కథ జీడి పిక్కలు ఒలిచే తల్లి కథకి దగ్గర చుట్టం అవుతుంది.

ట్రాన్స్ జీవితాల విషయంలో తెలుగు ఒక పెద్ద అడుగు వేసింది. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు. దానికి 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఒక స్త్రీవాద కథకురాలు ఆ పని చెయ్యడం యాదృచ్ఛికం అనుకోను. ఇంటి నుంచి తరిమేసిన ఆడతనాన్ని స్త్రీవాదం గుర్తుపట్టింది. మరి ఇంట్లోనే బంధించిన మగతనాన్ని? రేవతి తన తర్వాతి ఇంగ్లీషు పుస్తకంలో ట్రాన్స్ పురుషుల జీవితాలకి కూడా చోటిచ్చారు. తెలుగులో మనం ఇంకా ఆ గుమ్మం దగ్గరే ఉన్నాం. ఆడపిల్లగా పుట్టి మగవాడినని చెప్పే మనిషి స్త్రీవాదాన్ని వదిలి అవతలి పక్షానికి పోయాడని గొణిగేవాళ్ళు మనలో ఉన్నారు. ఆ గొణుగుడుకి నేను సిద్ధాంతంతో కాకుండా ఒక గుడ్డుతో జవాబు చెబుతాను.

ఇంజెక్షన్లు మొదలైన రెండో ఏడు నేను వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి చేతివేళ్ళు జీడి రసంతో నల్లబడి, చర్మం లేచిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే, "ఏటమ్మా, మగోల సూది ఏయించుకున్నా మా గుంటడికి రగతం నేదంతన్నారు, ఏటి సేసేది?" అంది. ఒకప్పుడు 'మా గుంట' అన్న నోరే 'మా గుంటడు' అంటోంది. ఆ ఒక్క అక్షరం కోసం ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు గడిచాయో నాకు తెలుసు. మధ్యాహ్నం అన్నం పెట్టింది. తండ్రికి, అతనికి, నాకు ముందు. అతని కంచంలో ఉడికించిన గుడ్డు, ఎండు నెత్తళ్ళ వేపుడు. ఇంటర్ చదివే చెల్లెలు తల్లితో తర్వాత తింటానని పక్కన కూర్చుంది. అతను నా వైపు చూసి మెల్లగా అన్నాడు: "చూశారా మేడం, నా కంచంలోకి గుడ్డు వచ్చింది. కానీ అది చెల్లి కంచంలోంచి వచ్చింది."

మందు చెయ్యలేని పనిని ఆ ఇల్లు చేసింది. టెస్టోస్టిరాన్ అతనికి ఇనుము ఇవ్వలేదు, మగవాడినన్న గుర్తింపు ఇచ్చింది. అంటే ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఇనుముకి కరువు ఉన్నమాట నిజమే గానీ, ఉన్న కాస్తా ఎటు పోవాలో ముందే రాసిపెట్టి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి, అదే వయసు మగవాళ్ళలో 16.4 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మగవాళ్ళ గీత ఒక గ్రాము ఎత్తులో గీసినా ఇంత తేడా. హార్మోను వల్ల వచ్చే ఎత్తుని ఆ ఒక గ్రాము గీతలోనే కలిపేశారు. దాన్ని మినహాయించాక కూడా మిగిలిన ఈ అగాధం నెలసరిది, కాన్పులది, కంచానిది. సగం వయసు ఆడపిల్లగా, సగం వయసు మగవాడిగా ఒకే ఇంట్లో తిన్న మనిషి కంటే దీనికి మంచి సాక్షి ఎవరు? అతను అవతలి పక్షానికి పోలేదు, అక్కడి కంచం ఎలా ఉంటుందో చూసి వచ్చి మనకి చెబుతున్నాడు. ఆ రోజు అతను గుడ్డు సగం చేసి చెల్లెలి గిన్నెలో పెట్టాడు. తల్లి వారించింది. దాంతో సమస్య తీరిపోయిందని నేను రాయను. ఒక గుడ్డుని ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ చాలదు.

ప్రభుత్వ పథకాలు కూడా ఇలాంటి గడుల్లోనే నడుస్తాయి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కింద కౌమార వయసు పిల్లలకి వారానికో నీలం మాత్ర, పునరుత్పత్తి వయసు స్త్రీలకి వారానికో ఎర్రమాత్ర, గర్భవతులకి రోజూ ఎర్రమాత్ర. పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇనుము గర్భసంచి వెంట నడుస్తుంది. ఇరవై ఐదేళ్ళ ట్రాన్స్ పురుషుడు ఆ మాత్ర అడగాలంటే తనకు గర్భసంచి ఉందని ఊరందరి ముందూ ఒప్పుకోవాలి. కాన్పులు ఆగిపోయిన అతని తల్లి ఎవరి జాబితాలోనూ ముందు వరసలో లేదు. ఈ ఇద్దరూ ఒకే పథకానికి రెండు పక్కల నుంచి జారిపోయారు.

విమర్శ అన్నాక ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. టెస్టోస్టిరాన్ మొదలుపెట్టే ప్రతి మనిషికీ హిమోగ్లోబిన్, హెమటోక్రిట్‌తో పాటు ఫెరిటిన్ కూడా ముందే చూడాలి. ఒంట్లో వాపో, ఇన్ఫెక్షనో ఉంటే ఫెరిటిన్ అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ అంకెని ఒంటరిగా చదవకూడదు. లోపం ఉంటే ఇనుము ఇవ్వాలి, ఇస్తూ హెమటోక్రిట్ మీద కన్నేసి ఉంచాలి. ఎందుకంటే గాదె నిండగానే ఎర్రకణాల తయారీ కూడా ఊపందుకోవచ్చు. మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఒంటికి పట్టే వాటా ఎక్కువని, ఇనుము తక్కువగా ఉన్న యువతుల మీద స్విట్జర్లాండ్‌లో చేసిన పరిశోధన 2017లో చూపించింది. చోడి అంబలి, మునగాకు, తోటకూర మంచివే గానీ వాటిలోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. నిమ్మకాయ, ఉసిరి, జామ తోడైతే కొంత పెరుగుతుంది, అన్నం తిన్న వెంటనే తాగే టీ దాన్ని తగ్గిస్తుంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సికిల్‌సెల్ లాంటి జబ్బుల వల్ల వచ్చే రక్తహీనత కూడా ఉంది గనక, పరీక్ష లేకుండా ఎవరూ ఎవరికీ మాత్రలు రాసివ్వకూడదు.

నా విద్యార్థి డాక్టరు సలహాతో ఇనుము మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఫెరిటిన్ 31కి వచ్చింది. మెట్లు ఎక్కుతున్నాడు. రెండోసారి పరీక్షకి వెళ్ళినప్పుడు తల్లినీ చెల్లెల్నీ కూడా తీసుకెళ్ళి, తన ట్యూషన్ డబ్బులతో వాళ్ళకీ ఫెరిటిన్ చేయించాడు. తల్లిది 5, చెల్లెలిది 9. యాభై ఏళ్ళ బతుకులో ఆ తల్లి నిల్వని ఎవరైనా కొలవడం అదే మొదటిసారి. కొలిచింది కూతురిగా పుట్టిన కొడుకు.

రచయిత్రులకీ, విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పే స్నేహితురాళ్ళకీ నా విన్నపం ఒక్కటే. నెత్తురు గురించి రాయడం మానొద్దు. కానీ ఇకమీదట కథలో నెత్తురు కారినచోట, అది ఎవరి కంచం నుంచి వచ్చి ఎవరి ఖాతాలో పోయిందో కూడా రాద్దాం. నెలసరి ఉన్నవాళ్ళు, ఆగిపోయినవాళ్ళు, ఆపుకున్నవాళ్ళు, ఎప్పుడూ లేనివాళ్ళు ఒకే పంక్తిలో కూర్చుని తమ తమ రిపోర్టులు ముందు పెట్టుకుని మాట్లాడుకునే కథలు రావాలి. మన విమర్శ ఆ కాగితం మీద మూడో గడి దగ్గర ఆగిపోకుండా, అచ్చులో లేని ఆ అంకె దాకా చదవాలి.